నలుగురిలో నోరు పెగలని బెరుకుకు మాటల చికిత్సా, మందా, ఫోను చికిత్సా? సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఎంపిక సలహా

ఒడిశాలోని పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన నాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఆరో తరగతిలో ఒకనాడు పాఠం పైకి చదువుతూ ‘జళ’ అన్న మాటను ఇంటి అకారంతోనే పలికాను. ఒడియాలో ఆ అకారం ఒకారంలోకి ఒరిగి ‘జొళొ’ అని వినబడాలి. తరగతి మొత్తం నవ్వింది, మాస్టారు కూడా నవ్వారు. ఇరవై ఏళ్ల తరువాత కూడా బ్యాంకు కౌంటరు ముందు నిలబడితే, చెప్పవలసిన ఒడియా వాక్యం నోట్లో సిద్ధంగా ఉన్నా, అవతలి మనిషి తలెత్తి చూడగానే చెవులు వేడెక్కి, గొంతు తడారిపోయి, సంతకం చేసే వేళ్లు వణికేవి. వెనుక వరుసలోని వాళ్లు ఆ వణుకు చూస్తున్నారన్న తలపుతో సంతకం ఇంకా చెడేది, అది సరిపోలడం లేదని మళ్లీ చేయమనేవారు. చివరకు బ్యాంకు పనులన్నీ మా తమ్ముడికి అప్పగించి, నాకు తీరిక లేదని ఇంట్లో చెప్పుకున్నాను.

దీనికి సోషల్ యాంగ్జయిటీ అనే పేరు ఉందని, చికిత్స ఉందని తెలిశాక ఏ చికిత్స తీసుకోవాలన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు నాకు సలహా చెప్పేవారు దొరకలేదు. బరంపురం నుంచి రాయగడ, కొరాపుట్ దాకా, అటు మహారాష్ట్రలో సిరొంచ, కిన్వట్, ధర్మాబాద్ దాకా, ఇంట్లో ఒక భాష, ఆఫీసులో మరొక భాష మాట్లాడే మనవారిలో ఇదే అవస్థలో ఉన్నవారి కోసం నేను చదివినదీ, అనుభవించినదీ కలిపి ఈ పోలిక రాస్తున్నాను. వైద్యుడు చూసి చెప్పేదానికి ఇది బదులు కాదు. వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు ఏమి అడగాలో తెలియడానికి పనికొస్తుంది.

సిగ్గా, జబ్బా?

సిగ్గు, మొహమాటం మనిషి స్వభావంలో భాగాలు, వాటికి మందు అక్కరలేదు. నలుగురు తనను గమనిస్తారన్న భయం సుమారు 6 నెలలు, అంతకు మించి పట్టుకుని ఉండి, దాని వల్ల చదువో, ఉద్యోగమో, పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడమో దెబ్బతింటే అప్పుడు వైద్యులు దానిని జబ్బుగా లెక్కిస్తారు. చాలామందిలో ఇది బడి వయసులోనే మొదలవుతుంది. ఎంత తీవ్రంగా ఉందో తెలుసుకోవడానికి 1987లో వచ్చిన లీబోవిట్జ్ కొలమానం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇతరుల ఎదుట తినడం, రాయడం, అపరిచితులతో మాట్లాడటం, సభలో లేచి నిలబడటం వంటి 24 సందర్భాలలో ఒక్కొక్కదానికి భయం ఎంత, తప్పించుకోవడం ఎంత అని అది అడుగుతుంది. చికిత్స మొదలు పెట్టే ముందు ఒకసారి, మూడు నెలలయ్యాక మరొకసారి ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే చికిత్స పనిచేస్తోందో లేదో మీకే కనబడుతుంది. అందుకే ఏ చికిత్స ఎంచుకున్నా ముందు ఈ కొలత అడిగి తీసుకోండి.

మాట మెదడును మార్చగలదా?

నాకు మొదట ఉన్న అనుమానం ఇదే. మందు అయితే రక్తంలో కలిసి మెదడుకు చేరుతుంది, మాటలు ఎక్కడికి చేరతాయి? మా ఇంట్లోనూ, ‘మాటలకే నయమయ్యేదైతే అది జబ్బే కాదు’ అన్నవారు ఉన్నారు. ఈ అనుమానానికి 2 దశాబ్దాలకు పైగా జరిగిన పరిశోధనలు సమాధానం ఇచ్చాయి, ఎంపికకు పనికివచ్చే సంగతులు కూడా వాటిలోనే ఉన్నాయి.

రెండు కణతల వెనుక లోతున బాదంగింజ ఆకారంలో అమిగ్డాలా అనే చిన్న భాగం ఉంటుంది. ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని సిద్ధం చేయడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. 2001లో స్వీడన్‌లోని ఉప్సలా పరిశోధకులు ఈ భయం ఉన్నవారితో ఒకసారి ఒంటరిగా, మరొకసారి కొందరి ఎదుట మాట్లాడించి, పెట్ స్కాన్‌తో మెదడులో రక్తప్రసరణ కొలిచారు. ఎదుట మనుషులు ఉన్నప్పుడు వారి అమిగ్డాలాలో రక్తప్రసరణ, ఈ భయం లేనివారిలో కంటే ఎక్కువగా పెరిగింది. అంటే కౌంటరు అవతలి గుమాస్తా తలెత్తి చూడటం నా మెదడుకు పొదలో పాము కదిలినట్టు తోచిందన్నమాట.

మరుసటి సంవత్సరం, 2002లో, అదే ఊరి పరిశోధకులు అప్పటివరకు ఏ చికిత్సా తీసుకోని 18 మందిని మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి సిటాలోప్రామ్ అనే మందు, రెండో భాగానికి బృందంగా మాటల చికిత్స ఇచ్చి, మూడో భాగాన్ని ఏ చికిత్సా ఇవ్వకుండా వేచి ఉండమన్నారు. 9 వారాల తరువాత మళ్లీ నలుగురి ఎదుట మాట్లాడించి స్కాన్ చేస్తే, మందు తీసుకున్నవారిలోనూ మాటల చికిత్స తీసుకున్నవారిలోనూ బాగుపడినవారికి అమిగ్డాలాలోనూ, జ్ఞాపకాలకు చోటైన హిప్పోకాంపస్‌లోనూ, వాటి చుట్టుపక్కల భాగాలలోనూ రక్తప్రసరణ తగ్గింది. వేచి ఉన్నవారిలో అటువంటి మార్పు లేదు. ఆ 9 వారాలలో ఈ భాగాలు ఎంత నెమ్మదించాయన్నదానికీ, ఏడాది తరువాత మనిషి ఎంత బాగున్నాడన్నదానికీ సంబంధం కనిపించింది. మనుషుల సంఖ్య చాలా చిన్నది, దానిని మరచిపోకూడదు. అయినా మాటలు మెదడును చేరవన్న వాదం ఆ పరిశోధన తరువాత నిలవలేదు.

మాటల చికిత్స మెదడు ముందుభాగం మీద ఏమి చేస్తుందో అమెరికాలో 75 మందితో జరిగిన పరిశోధన 2013లో చూపింది. ‘నేను అందరికీ నవ్వులాటగా కనిపిస్తాను’ వంటి తమ గురించి తాము నమ్మే చెడ్డ మాటను చూపి, దానిని మరో కోణంలో ఆలోచించమన్నప్పుడు, మాటల చికిత్స పూర్తి చేసినవారి నుదుటి వెనుక భాగాలు ఎక్కువగా, అంతకంటే ముఖ్యంగా ముందుకంటే త్వరగా, పనిలోకి దిగాయి. ఆ త్వరగా అన్న మాట నాకు బాగా తెలుసు. ఇప్పటికీ కౌంటరు ముందు మొదటి క్షణంలో చెవులు వేడెక్కుతాయి. అప్పట్లో ఆ వేడిని సర్దుకోవడానికి ఇల్లు చేరేదాకా పట్టేది, ఇప్పుడు టోకెను చేతికి వచ్చేలోపే సర్దుకుంటుంది.

2016లో మళ్లీ స్వీడన్ నుంచే, ఇంటర్నెట్ ద్వారా 9 వారాల చికిత్స తీసుకున్న 26 మందిని ఎంఆర్‌ఐతో చూసిన పరిశోధన వచ్చింది. చికిత్స తరువాత వారి అమిగ్డాలా స్పందన తగ్గడమే కాక దాని పరిమాణం కూడా కాస్త తగ్గింది, తగ్గుదల ఎక్కువ ఉన్నవారికి ఉపశమనమూ ఎక్కువ. చికిత్సకుడి గదిలో ఎదురెదురుగా కూర్చోకుండానే ఇది జరిగింది కనుక, పెద్ద ఊళ్లకు దూరంగా ఉండే మనకు ఈ ఫలితం చాలా విలువైనది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఈ స్కాన్లు పరిశోధనకు పనికివస్తాయి, మీ చికిత్సను ఎంచుకోవడానికి పనికిరావు. మెదడు బొమ్మ చూసి ఎవరికి మాటల చికిత్స బాగా పనిచేస్తుందో ముందే చెప్పే ప్రయత్నాలు సాగుతున్నాయి, ఆసుపత్రిలో రోజువారీ వాడకానికి అవి ఇంకా రాలేదు. సోషల్ యాంగ్జయిటీ నిర్ధారణకని ఎవరైనా స్కాన్ రాస్తే దేనికోసమో గట్టిగా అడగండి. ఆ డబ్బు నాలుగైదు సార్లు చికిత్సకుడిని కలవడానికి సరిపోతుంది.

ఒక్కరితో ఒక్కరు కూర్చుని చేసే మాటల చికిత్స

నా సలహాలో మొదటి చోటు దీనిదే. 2014లో 101 పరిశోధనలను, 13,164 మందిని కలిపి లెక్క వేసిన పెద్ద సమీక్షలో, వేచి ఉన్నవారితో పోల్చినప్పుడు అన్ని రకాల చికిత్సల్లోకీ ఎక్కువ మేలు కనబరచినవాటిలో వ్యక్తిగతంగా చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే సీబీటీ, ముందుంది. బ్రిటన్‌లో 2013లో వెలువడిన వైద్య మార్గదర్శకాలు కూడా పెద్దలకు మొదట దీన్నే ఇవ్వమన్నాయి. అంతకు ముందు 2003లో ఆక్స్‌ఫర్డ్‌లో 60 మందితో జరిగిన పరీక్షలో, ఈ తరహా చికిత్స ఫ్లూయోక్సెటిన్ మందు కంటే మెరుగ్గా పనిచేయడమే కాక ఏడాది తరువాత కూడా ఆ తేడా నిలిచింది.

అయితే మాటల చికిత్స అన్న పేరుతో జరిగేదంతా సీబీటీ కాదు. కూర్చోబెట్టి కష్టాలు విని, ధైర్యంగా ఉండమని చెప్పి పంపడం మంచి పనే కానీ దానితో ఈ భయం పోదు. సీబీటీలో చేసే పని వేరు. ఈ భయం ఉన్నవారు నలుగురిలోకి వెళ్లగానే తమ చూపును లోపలికి తిప్పుకుంటారు. గొంతు వణుకుతోందా, ముఖం ఎర్రబడిందా అని తమనే కాపలా కాస్తారు. వణుకు కనబడకుండా గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం, మాట తడబడకుండా వాక్యాన్ని లోపల పదిసార్లు వల్లించడం, కళ్లు కలపకపోవడం వంటి రక్షణ చేష్టలు చేస్తారు. ఇంటికి వచ్చాక జరిగినదంతా నెమరువేసి మరింత కుంగుతారు. గండం గడిచినా, ఆ చేష్టల వల్లనే గడిచిందని మెదడు నమ్ముతుంది కనుక భయం తగ్గదు. చికిత్సకుడు ఒక్కొక్క చేష్టనూ వదిలించి, ఏమవుతుందో చూసి రమ్మంటాడు. నలుగురిలోకి పంపకుండా, గదిలో మాటలతోనే ముగించే చికిత్స సగం చికిత్సే.

నాకు జరిగిన రెండు పనులు చెబుతాను, సీబీటీ అంటే ఏమిటో వాటితో తెలుస్తుంది. విశాఖలోని ఒక క్లినికల్ సైకాలజిస్టు నా చేత మూడు నిమిషాలు మాట్లాడించి వీడియో తీశారు. చూపించే ముందు ఆ వీడియోలో మనిషి ఎలా ఉంటాడో రాయమన్నారు. ముఖం కందిపోయి ఉంటుందని, చెయ్యి ఊగిపోతుందని, ప్రతి వాక్యం మధ్యలో తెగుతుందని రాశాను. తరువాత, ఎవరో పరిచయం లేని మనిషిని చూస్తున్నట్టు చూడమని చెప్పి వీడియో పెట్టారు. తెర మీది మనిషి ఒకసారి గొంతు సవరించుకున్నాడు, ఒక చోట ఆగాడు. చెయ్యి బల్ల మీద కదలకుండా ఉంది. నా లోపల మోగిన దానిలో పదో వంతు కూడా బయటికి రాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అది భయంతో మాత్రం కాదు.

రెండోది మా ఊరి మిఠాయి కొట్టులో. ‘ఛెనాపోడ కేతె?’ (ఛెనాపోడ మిఠాయి ఎంత?) అని కావాలనే తెలుగు అకారాలతో, వెనుక నలుగురు ఉన్నప్పుడు అడగాలి. ముందుగా నోటుపుస్తకంలో ఎడమ వైపు నా ఊహ రాశాను: కొట్టాయన నవ్వుతాడు, వెనుకవాళ్లు చూసుకుంటారు, నమ్మకం 80 శాతం. అడిగాను. ఒడియా మనిషైన ఆ కొట్టాయన కత్తిమీంచి చూపు ఎత్తకుండానే తెలుగులో, ‘పావు కిలోనా బాబూ, అర కిలోనా?’ అన్నాడు. నా యాస దొరికిపోయింది. ఇన్నేళ్లూ నేను భయపడినది అదే కదా, అది జరిగింది, దాని వెంట ఏ అవమానమూ రాలేదు. కుడి వైపు గడిలో రాసుకోవడానికి అర కిలో తప్ప ఏమీ మిగలలేదు.

ఈ చికిత్సలో కష్టాలూ ఉన్నాయి. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం నాలుగు నెలల్లో 14 నుంచి 16 సార్లు కలవాలి. మొదటి నెలలో భయం తగ్గకపోగా పెరిగినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే ఇన్నాళ్లూ తప్పించుకున్న చోట్లకే పోవాలి. ఖర్చు ఫీజుతో ఆగదు, బస్సు చార్జీలు, పోగొట్టుకున్న కూలి లేదా సెలవు కూడా లెక్కలోకి వస్తాయి. అన్నిటికీ మించి శిక్షణ పొందినవారు దొరకడం కష్టం. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. ఆ నమోదు సంఖ్యను అడగడంలో తప్పు లేదు, మంచి చికిత్సకుడు దానికి నొచ్చుకోడు.

మందు

మందును తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారోక్సెటిన్ వంటివి ఈ జబ్బుకు పనిచేస్తాయని గట్టి ఆధారాలున్నాయి. మందు బిళ్ల చిన్న ఊరిలో కూడా దొరుకుతుంది, ధర తక్కువ, నోరు విప్పి ఏమీ చెప్పుకోలేని స్థితిలో ఉన్నవారికి కూడా ఇవ్వవచ్చు. కుంగుబాటు కలిసి ఉండి, మంచం దిగడమే కష్టంగా ఉన్నవారికి మందుతో మొదలు పెట్టి, కాస్త ఓపిక వచ్చాక మాటల చికిత్స చేర్చడం మంచి దారి.

రెండిటి మధ్య తేడా వేగంలోనూ, నిలకడలోనూ కనబడుతుంది. 1998లో అమెరికాలో 133 మందికి 12 వారాలు చేసిన పోలికలో ఫెనల్‌జిన్ అనే పాత మందు బృంద సీబీటీ కంటే త్వరగా పనిచేసింది. చికిత్స ఆపిన తరువాత గమనిస్తే మందు వైపు వారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగానూ, సీబీటీ వైపు వారిలో తక్కువగానూ కనిపించింది. నాకు అర్థమైనంతవరకు కారణం ఇది: మందు అలారం చప్పుడు తగ్గిస్తుంది, అలారం అబద్ధం చెబుతోందని మెదడు నేర్చుకోవాలంటే మనిషి ఆ చోట నిలబడి చూడాలి. మందు వేసుకుంటూనే నలుగురిలోకి వెళ్లడం మొదలు పెట్టినవారు ఆ పాఠం కూడా నేర్చుకుంటారు, కనుక మందు వేసుకుని ఇంట్లో కూర్చోకండి.

ఇవి వేసుకోగానే పనిచేసే మందులు కావు, గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, నిద్రలో తేడా, కొందరిలో ఆందోళన పెరగడం ఉంటాయి, చాలామందిలో అవి తగ్గిపోతాయి. 25 ఏళ్ల లోపు వారిలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయేమో ఇంట్లోవారు కనిపెట్టి ఉండాలి. గర్భం ఉన్నా, రావచ్చని అనుకుంటున్నా ముందే వైద్యుడికి చెప్పాలి. బాగుందని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు, కళ్లు తిరగడం, చిరాకు వంటివి వస్తాయి. పిల్లలకైతే మొదటి ఎంపిక మందు కాదు, మాటల చికిత్సే.

మందు ఇచ్చేటప్పుడు వైద్యుడు చెప్పే మాటకు కూడా బలం ఉంటుంది. 2017లో వచ్చిన ఒక స్వీడన్ పరిశోధనలో 46 మందికి ఒకే మోతాదు ఎస్సిటాలోప్రామ్ 9 వారాలు ఇచ్చారు. అది ఈ జబ్బుకు పనిచేసే మందని నిజం చెప్పిన భాగంలో 50 శాతం మంది బాగుపడగా, పరిశోధన కోసం వేరే ఏదో మందని నమ్మించిన భాగంలో 14 శాతం మందే బాగుపడ్డారు. బిళ్ల ఒకటే, మాట వేరు. రెండు నిమిషాల్లో చీటీ చేతిలో పెట్టి పంపే వైద్యుడికీ, ఎందుకు ఇస్తున్నాడో కూర్చోబెట్టి చెప్పే వైద్యుడికీ మధ్య ఎంపిక ఉంటే, కాస్త దూరమైనా రెండోవారి దగ్గరకే వెళ్లండి.

నేను మొదట వెళ్లిన చోట ఆ మొదటి తరహా వైద్యుడే ఉన్నారు. ఆయన రాసిచ్చినది ఆల్ప్రజోలామ్, పనికి వెళ్లే ముందు ఒకటి వేసుకోమన్నారు. అరగంటలో వణుకు తగ్గింది, అందుకే ఏడాదికి పైగా దాన్ని విడువలేకపోయాను. ఆ రకం మందులకు ఒళ్లు అలవాటు పడుతుంది, పైగా భయపడే చోట నిలబడి నేర్చుకోవలసిన పాఠానికి అవి అడ్డు వస్తాయి. దీర్ఘకాలం వాడటానికి అవి తగవు. ఇప్పటికే వాడుతున్నవారు వైద్యుడి సాయంతో మెల్లమెల్లగా తగ్గించుకోవాలి తప్ప ఒక్కరోజులో మానకూడదు. వేదిక ఎక్కే ముందు వేసుకునే ప్రొప్రనలోల్ గుండె దడను, చేతి వణుకును అణచుతుంది కానీ, రోజంతా అన్ని చోట్లా ఉండే భయానికి దానివల్ల మేలు జరుగుతుందన్న ఆధారం లేదు. ఆస్తమా ఉన్నవారికి అది ప్రమాదం కూడా. సాయంత్రం రెండు పెగ్గులు వేసుకుంటే మాట వస్తుందని చెప్పే స్నేహితులు ప్రతి ఊరిలోనూ ఉంటారు. ఆ దారిలో వెళ్లి రెండు జబ్బులు తెచ్చుకున్నవారిని నేను ఎరుగుదును.

బృందం, ఫోను

బృంద చికిత్స ఫలితం ఇస్తుంది, ఉప్సలా పరిశోధనలో జరిగింది అదే. ఖర్చు తక్కువ, పదిమంది ఎదుట మాట్లాడటం అన్న సాధన అక్కడే దొరుకుతుంది. కానీ బ్రిటన్ మార్గదర్శకాలు వ్యక్తిగత చికిత్సను పక్కన పెట్టి దీనిని ఇవ్వవద్దన్నాయి, మన చిన్న ఊళ్లలో ఇంకొక చిక్కు ఉంది. బృందంలో మన వీధివారో, వియ్యాలవారి బంధువో ఉండకపోరు. బరంపురం, నాందేడ్ వంటి పెద్ద ఊళ్లలో దొరికితే ఆలోచించండి, లేకపోతే దీనికోసం వెతుకుతూ కాలం గడపవద్దు.

ఫోను లేదా వీడియో ద్వారా చేసే చికిత్సకు, చికిత్సకుడి తోడుతో ఇంటర్నెట్‌లో సాగే పాఠాలకు నేను వ్యక్తిగత చికిత్స తరువాతి చోటు ఇస్తాను. దూరం ఎక్కువైన మన్యంలో, సిరొంచ వైపు, మొదటి చోటే ఇస్తాను. తోడు అన్న మాట ముఖ్యం. మనిషి ఎవరూ లేకుండా యాప్‌లో పాఠాలు చదువుకోవడం మొదటి వారం బాగుంటుంది, మూడో వారానికి చాలామంది వదిలేస్తారు. ఈ పద్ధతికి ఒక లోపం ఉంది: ముఖాముఖి రావడానికి భయపడే మనిషికి ఫోను చాటు హాయిగా ఉంటుంది, ఆ హాయే మరొక రక్షణ చేష్టగా మారవచ్చు. కనుక కెమెరా తెరిచి మాట్లాడటం, వారానికి ఒక పని బయటికి వెళ్లి చేయడం అనే రెండు షరతులు మొదటి రోజే పెట్టుకోండి.

ఏ భాషలో?

సరిహద్దులో ఉండే మనకు మందా మాటా అన్నదానికంటే ఈ ప్రశ్నే ముందు రావాలని నా నమ్మకం. 2003లో, టర్కిష్ మాతృభాషగా ఉండి తరువాత ఇంగ్లీషు నేర్చుకున్నవారి చర్మం మీది చెమట స్పందనను కొలిచిన పరిశోధనలో, చిన్ననాటి తిట్లు మాతృభాషలో వినబడితే స్పందన ఎక్కువగా ఉంది, అవే ఇంగ్లీషులో వినబడితే తక్కువ. లోపల ఏమి జరుగుతోందో చెప్పుకోవడానికి మనకు తెలుగు కావాలి. ‘తల కొట్టేసినట్టయింది’ అన్నదాన్ని నేను ఒడియాలో చెప్పలేను, హిందీలో చెబితే అందులోంచి ప్రాణం పోతుంది.

కానీ చికిత్స మొత్తం తెలుగులోనే సాగితే కూడా పని సగమే అవుతుంది. భయం తగ్గడమంటే పాత జ్ఞాపకం చెరిగిపోవడం కాదని మెదడు శాస్త్రం చెబుతోంది. పాతదాని మీద కొత్త జ్ఞాపకం పడుతుంది, ఆ కొత్తది తాను నేర్చుకున్న చోటికి ముడిపడి ఉంటుంది. తెలుగు మాట్లాడే గదిలో, తెలుగు చికిత్సకుడి ఎదుట నేర్చుకున్న ధైర్యం ఒడియా కౌంటరు దగ్గర పనిచేయకపోవచ్చు. అందుకే నేను ఇచ్చే సలహా: మాట్లాడటం తెలుగులో, సాధన మాత్రం భయం ఎక్కడ ఏ భాషలో ఉందో ఆ భాషలో, ఒకే కొట్టులో కాక పలు చోట్ల. చంద్రపూర్‌లో చదివే తెలుగు అమ్మాయికి భయం మరాఠీ వైవాలో ఉంటే, సాధన మరాఠీ నోటితోనే జరగాలి. అత్తవారి ఊరైన శ్రీకాకుళంలో, తెలుగు పెళ్లిలో మాట పెగలని రాయగడ కోడలికి తిరగేసిన లెక్క వర్తిస్తుంది. ఇంత వివరం వినే ఓపిక చికిత్సకుడికి ఉందో లేదో మొదటి రోజే తెలిసిపోతుంది. ‘సాధన ఏ భాషలో చేయిస్తారు?’ అని అడగండి.

ఎక్కడికి వెళ్లాలి?

గజపతి, గంజాం జిల్లాలవారికి బరంపురంలో 1962 నుంచి ఉన్న ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి మందు మొదలు పెట్టడానికి మంచి చోటు. కొరాపుట్ వైపు వారికి అక్కడి షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల 2017 నుంచి ఉంది. తెలుగులో మాటల చికిత్స కావాలంటే మాత్రం శ్రీకాకుళం, విశాఖ వైపు చూడటమే మేలు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. సిరొంచ నుంచి గడ్చిరోలి జిల్లా కేంద్రం 200 కిలోమీటర్లకు పైమాటే, ప్రాణహిత వంతెన దాటితే చెన్నూరు, మంచిర్యాల దగ్గర, భాషా మనదే. రాష్ట్రం మారితే చూడరేమోనని సందేహించవద్దు, ఆధార్ పట్టుకుని వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి.

అంత దూరం కదలలేనివారు, లేదా ఒక మనిషి ఎదుటికి వెళ్లడానికే భయపడేవారు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ అది, డబ్బు కట్టనక్కరలేదు, భాషల ఎంపికలో తెలుగు ఉంది. నాలుగు నెలల సీబీటీ అంతా అక్కడ జరగదు, ఎక్కడికి వెళ్లాలో దారి చూపుతారు. ఫోను చేయడమే భయమైన మనిషికి ఆ ఫోను కూడా సాధనే. ఊరిలో తెలిసిపోతుందన్న దిగులు ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచే బాధ్యతను ఆసుపత్రి మీద పెట్టిందని గుర్తుంచుకోండి.

ఎంచుకున్నాక ఎంతకాలం ఆగి చూడాలి? మాటల చికిత్స అయితే ఆరేడు సార్లు కలిశాక లీబోవిట్జ్ జవాబులు మళ్లీ రాయండి. అంకె అసలు కదలకపోతే, ఒక్క పని కూడా బయట చేయించకపోయి ఉంటే, చికిత్సకుడిని మార్చండి, చికిత్సను కాదు. చేయించినా కదలకపోతే మందు చేర్చే సంగతి సైకియాట్రిస్టుతో మాట్లాడండి. మందు అయితే, సరైన మోతాదులో రెండు మూడు నెలలు చూశాకే పనిచేయలేదని తేల్చాలి. సగం మేలు జరిగి ఆగిపోయినవారికి రెండూ కలపడమే తరువాతి మెట్టు.

నేను మొదటి రోజు వెంట తీసుకువెళ్లిన కాగితం మీద నాలుగే ముక్కలు ఉన్నాయి: ఏ చోట, ఏ భాషలో, ఎవరి ఎదుట, ఏమి జరుగుతుందని భయం. నోరు పెగలకపోతే ఇద్దామని రాసుకున్నాను, పెగలలేదు, ఇచ్చాను. చికిత్స అక్కడి నుంచే మొదలైంది. మీరూ అలాగే ఒకటి రాసుకుని జేబులో పెట్టుకుని వెళ్లండి.